లేనివాళ్ల హాజరు

పౌర్ణమి మర్నాడు

రోజూ కుడిచేత్తో నాలుగు ముక్కలు రాయమని డాక్టరు చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకు రాత మీద అంత మోజేమీ లేదు. చెయ్యి మన మాట వింటోందో, తీగ మాట వింటోందో అక్షరాల వంకర చూస్తే తెలిసిపోతుందట.

తీగ అంటే మెడ వెనక మొదలుపెట్టి, వెన్ను మీదుగా కుడిచేతి వేళ్ల దాకా మా దళంలో అందరికీ లోపల పరిచింది. దీవుల యుద్ధంలో మా చేతులకు గురి నేర్పింది అదే అంటారు. నేర్పడం అనేది మర్యాద మాట. అది కాల్చేది, మేం చూస్తూ ఉండేవాళ్లం. కళ్లు మూసుకుందామన్నా మూసుకోనిచ్చేది కాదు.

ఇప్పుడది పడుకుని ఉంది. పొద్దున హాజరు పలికాక, గోడకున్న కన్నంలో చెయ్యి పెడితే చలవ మందు ఎక్కుతుంది. దాంతో ఆ రోజు గడుస్తుంది. హాజరు పలకనివాడికి కన్నం తెరుచుకోదు. ఒకడి మందు ఇంకొకడికి ఎక్కించే వీలు లేదు. మందు అందకపోతే తీగ లేవనైనా లేస్తుంది, లేదంటే లోపలే కాగుతుంది. కాగితే మనిషి దక్కడు.

ఇవాళ వంటశాలలో పప్పు కలుపుతుంటే నా చూపుడువేలు గరిటె కాడ మీద వంగి బిగుసుకుంది. ట్రిగ్గరు పట్టు అది. ఎడంచేత్తో విడదీసుకునేసరికి పప్పు అడుగంటింది. దళం అంతా మాడు పప్పు తిని, ఎప్పట్లాగే నా వంటని తిట్టి లేచారు. వేలి సంగతి నేనెవరికీ చెప్పలేదు.

తదియ

సముద్రం పాత రోడ్డుని మింగేశాక మా మాజీ సైనికుల వాడని ఈ కొండ మీదకి ఎక్కించారు. కొండ కొసన చదునైన రాయి ఉంది. పొద్దున్నే దాని మీద వరసగా నిలబడితే హవల్దార్ ఓబులేసు పేర్లు పిలుస్తాడు. అన్నీ నోటికొచ్చు, కాగితం చూడడు. అనంతపురం వైపు మనిషి. ఇన్నేళ్లయినా సముద్రాన్ని నమ్మడు, దానికి వీపు పెట్టే నిలబడతాడు.

వరసలో మా ఆయన దాలినాయుడు, ఆయన పక్కన నేను, నా పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ అచ్చియ్యమ్మది. దీవుల్లో పోయింది. ఓబులేసు 'అచ్చియ్యమ్మ' అని పిలిస్తే నేను 'హాజర్' అంటాను. వరసంతా ఇలాంటి ఖాళీలే. పోయినవాళ్ల తరపున పక్కనున్నవాళ్లు పలుకుతారు. మొదటిసారి మనుషులు పోయిన మర్నాడు ఓబులేసు అలవాటు కొద్దీ వాళ్ల పేర్లు కూడా పిలిచేశాడు. పిలిచాక వచ్చిన ఆ నిశ్శబ్దాన్ని ఎవరమూ భరించలేకపోయాం. ఎవరో పలికారు. అప్పట్నుంచి అదే ఆనవాయితీ అయిపోయింది.

రాతి చివర ఇనప స్తంభం ఒకటుంది. దాన్ని మేం చెవి అంటాం. పిలిచిన పేరూ, పలికిన జవాబూ విని సర్కారుకి చేరవేస్తుంది. ఏ గొంతని అడగదు. తినే నోళ్లకన్నా బియ్యం ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. సర్కారుకి మా మీద ప్రేమ కాబోలనుకుని మిగిలినవాటితో నేను వడియాలు పెడుతుంటాను.

ఇవాళ మధ్యాహ్నం వడియాలు పెడుతుంటే నా మెడ తూర్పుకి తిరిగింది. నేను తిప్పలేదు. కళ్లు మాత్రం పక్కకి తిప్పి చూద్దును కదా, వలలు అల్లేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, అందరి తలలూ అటే ఉన్నాయి. కాసేపటికి ఎవరి మెడ వాళ్లకొచ్చింది. అందరూ మళ్లీ పనుల్లో పడ్డారు. నాకు మాత్రం చీర తడిసేంత చెమట పట్టింది.

పంచమి

చెవికి నోరు కూడా ఉందని ఇవాళే తెలిసింది. హాజరు అయిపోయి కన్నాల వైపు వెళ్లబోతుంటే స్తంభం మాట్లాడింది. ఆడ గొంతు, మెత్తగా ఉంది. దీవుల్లో మళ్లీ యుద్ధం వచ్చిందని, మా దళం పూర్తి బలంతో ఉందని, అమావాస్య పోటుకి బయల్దేరాలని చెప్పింది. అప్పటిదాకా తీగల్ని కొంచెం కొంచెంగా లేపుతామని, కంగారు పడొద్దని కూడా చెప్పింది.

ముందు నవ్వారు. పూర్తి బలమేమిటి, మాలో సగం మంది దీవుల్లోనే ఉండిపోయారు కదా. అదీగాక అండ చట్టం ఉంది. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకి బతికినన్నాళ్లూ ఇల్లు, తిండి, చలవ ఇచ్చే చట్టం. సగానికి తక్కువ మిగిలిన దళాన్ని మూసెయ్యాలని, మూతపడి ఉన్నంతకాలం దాన్ని యుద్ధానికి పిలవకూడదని అందులో ఉంది. మా దళం ఎప్పుడో మూతపడిందని అందరం గుండె మీద చెయ్యేసుకుని ఉన్నాం. ఆఫీసులో ఎవరో పొరపడ్డారని ఓబులేసు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కుడిచెయ్యి సెల్యూట్ దాకా లేచి ఆగిపోయింది. అప్పుడిక ఎవరూ నవ్వలేదు.

సప్తమి

మాజీ సైనికుల తరపున వాదించే వకీలు రెహానా పడవ మీద వచ్చింది. చిన్న వయసు, కళ్ల కింద నలుపు. వంటశాలలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని అడిగింది, చనిపోయినవాళ్ల పేర్లకి కూడా హాజర్ పలుకుతున్నారా అని.

పలుకుతున్నామన్నాం. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

ఆమె చెప్పింది నాకర్థమైనంత వరకు రాస్తున్నాను. వెనకటి యుద్ధాలప్పుడు, కాలు పోయినవాడిని కూడా కాలు పోయినట్టు రుజువు తెమ్మని ఆఫీసుల చుట్టూ తిప్పేవాళ్లట. ఆ అవమానం ఇక ఉండకూడదని అండ చట్టంలో ఒక మంచి మాట పెట్టారు. దళం నోటితో చెప్పిందే నిజం, దానికి వేరే రుజువు అక్కర్లేదు, ఎదురు రుజువు చెల్లదు అని. మా మంచి కోసం పెట్టిన మాటే అది. మేం ఇన్నేళ్లూ పొద్దున్నే నిలబడి, వందమందికి వందమందీ ఉన్నారని నోటితో చెప్పాం.

"శవాల్ని తవ్వి చూపించినా వాళ్లు ఒప్పుకోరమ్మా," అంది రెహానా. "మీ మాటని మీ మాటే కొట్టెయ్యాలి. అమావాస్య పొద్దున హాజరే లెక్క. ఆ పూట సగానికి తక్కువ మంది పలికితే అక్కడికక్కడే దళం మూతపడుతుంది. పడవలు ఖాళీగా వెళ్లిపోతాయి."

అంతేనా అనుకున్నాను. పోయినవాళ్ల పేర్లకి నోరు మూసుకోవడం కదా. సాయంత్రం అచ్చియ్యమ్మ తలపుకొచ్చింది. దాన్ని నా నోటితో ఇన్నేళ్లు బతికించి ఇప్పుడు నేనే చంపాలి. ఏడుపొచ్చింది. ఉప్పు ఎక్కువైందని కూరని తిట్టుకుంటూ ఏడ్చాను.

అష్టమి

ఓబులేసు బతికున్నవాళ్లని లెక్కపెట్టాడు. సరిగ్గా సగం మందిమి ఉన్నాం.

మళ్లీ లెక్కపెట్టాడు. అంతే వచ్చింది. రెహానా మొహం చూశాను. చట్టంలో ఉన్నది సగం కాదు, సగానికి తక్కువ. బతికున్నవాళ్లలో ఒకరు కూడా పలక్కుండా ఉండాలి. పారిపోయినా, దాక్కున్నా అంతే, పలకనివాళ్లు చట్టానికి లేనివాళ్లు. వాళ్లకి ఆ పూట నుంచి కన్నం తెరుచుకోదు. తర్వాత ఎప్పుడైనా వాళ్ల పేరుకి ఎవరైనా పలికితే లెక్క మళ్లీ సగానికొస్తుంది, దళం మళ్లీ తెరుచుకుంటుంది. ఆ మాట మార్పించడానికి పోరాడతానని రెహానా అంది. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఏళ్లు పట్టొచ్చంది.

చీట్లు వేద్దామని ఎవరో అన్నారు. ఓబులేసుకి కోపమొచ్చింది.

"చీటీ ఏసి మనిషిని చంపేదా? నా కాడ అట్లాంటి మాటలొద్దప్పా. ఎవురూ ఎవుర్నీ అడిగేది లేదు. పలికేటోళ్లు పలుకుతారు, లేదంటే అందరం కలిసి పోతాం."

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను, నువ్వు పలుకుతావు కదా మావా అని. నాకేటి పిచ్చా, పలకనేటి అన్నాడు. నేనైతే గట్టిగా పలుకుతాను. ఎవరేమనుకున్నా సరే. నాకు చావంటే భయం. మళ్లీ దీవులకెళ్లి నా చేతిని చూస్తూ నిలబడటమంటే ఇంకా భయం. ఈ రెండూ కాకుండా ఇంకొకరెవరైనా నోరు మూసుకుంటే బాగుండునని ఉంది. ఉన్న మాట రాస్తున్నాను.

దశమి

మరియమ్మకి జ్వరం. గుంటూరు జిల్లా మనిషి, మా అందరికన్నా పెద్దది. ఆమె మంచం చుట్టూ ఇవాళ ఎంతమంది చేరారో చెప్పలేను. గంజి తెచ్చినవాళ్లు, కాళ్లు పట్టినవాళ్లు. ఇన్నేళ్లలో ఆమెని పలకరించనివాళ్లు కూడా వచ్చి ఎలా ఉందని అడిగి వెళ్లారు. నేను రసం పట్టుకెళ్లాను. గ్లాసు అందుకుని ఆమె నా కళ్లలోకి చూసింది.

"నువ్వు కూడా చూట్టానికే వచ్చావా అమ్మాయ్? ఇంకా పోలేదులే, వెళ్లి చెప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. రసం మాత్రం తాగింది. సాయంత్రానికి జ్వరం దిగి, లేచి కూర్చుని ప్రార్థన పాట అందుకుందట. ఆ కబురు విన్నప్పుడు వాడలో ఒక్క మొహమూ వెలగలేదు. నా మొహం కూడా వెలిగుండదు.

ఏకాదశి

పడవలొచ్చాయి. బూడిదరంగువి, వెనకటివే. కొండ కింద వరసగా ఆగాయి. లోపల ఎవరూ లేరు. వాటంతటవే వచ్చి, వాటంతటవే లంగరేసుకుని, తలుపులు తెరుచుకుని కూర్చున్నాయి. వాటిని చూడగానే నా కుడికాలు ముందుకి పడింది. పక్కనున్న గుంజ పట్టుకున్నాను.

వలల షెడ్డులో, చెవికి వినబడనంత దూరంలో, పలక్కుండా ఉండటం సాధన చేశాం. వినడానికి నవ్వులాటలా ఉంటుంది. ఓబులేసు పోయినవాళ్ల పేరు పిలుస్తాడు, పక్కవాళ్లు నోరు మూసుకోవాలి. అంతే పని. అది కాలేదు. పేరు పడగానే హాజర్ అనే మాట దానంతటదే వచ్చేస్తోంది. ఒకడు నోట్లో గులకరాయి పెట్టుకున్నాడు, రాయితో సహా పలికాడు. ఇంకొకామె కొంగు కుక్కుకుంది. నేను అచ్చియ్యమ్మ పేరు దగ్గర వరసగా ఐదారుసార్లు నోరు జారాను. ఒక్కరు తప్పు పలికినా, దానికి బదులు బతికున్న ఇంకొకరు పలక్కుండా ఉండాలి. అది అందరికీ తెలుసు. అందుకే చివరికి ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండా, ఒకరి నోళ్లవైపు ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం.

పొద్దు వాలేసరికి నాకు పట్టుబడింది. పేరు వినబడగానే నాలుకని పళ్ల మధ్య నొక్కిపెట్టడమే కిటుకు. నెత్తురొచ్చింది. సాయంత్రం మజ్జిగన్నం తప్ప ఏమీ తినలేకపోయాను. మా ఆయన తనే కలిపి పెట్టాడు.

చతుర్దశి

ఇవాళ వాడలో కుడిచేతులన్నీ తాళ్లతో నడుముకి కట్టేసి ఉన్నాయి. రాయడానికని నేనొక్కదాన్నే విప్పుకున్నాను. అక్షరాలు నిటారుగా, ఒకే ఎత్తున పడుతున్నాయి. నా రాత ఇంత బాగుండదు. చూస్తుంటే భయమేస్తోంది.

పనులు ఆపలేదు. నీళ్లు తోడాం, నాచు ఎండేశాం. మాటలు మాత్రం లేవు. ఎవరు పలక్కుండా ఉంటారో అని అందరూ అందర్నీ కనిపెడుతున్నారు. పిల్లలున్నవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మరీ తిరుగుతున్నారు, మేం కాదు సుమా అన్నట్టు. మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఒకరిద్దరి చూపుల్లో కనబడింది. కూరలో కారం రెండింతలు వేశాను.

సాయంత్రం మా ఆయనతో తగువైంది. గడప దగ్గర కూర్చుని, తెగిన చెప్పుని మోకాళ్ల మధ్య బిగించి ఎడంచేత్తో కుట్టుకుంటున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"రేపు నువ్వు నా పక్కని నిలబడకు, సింహాలు. ఆ సివర మరియమ్మ పక్కకెల్లిపో."

"ఎందుకేటి?"

"ఏటీ నేదు. నువ్వు పక్కనుంటే నాకు మాట తడబడతాది."

నాకు ఒళ్లు మండింది. దీవుల్లో గుళ్ల వానలో కూడా ఆ మనిషి కుడిపక్క నుంచి నేను కదల్లేదు. ఆ పక్కపక్కన నిలబడటమే కదా పెళ్లి దాకా వచ్చింది. పెళ్లాం పక్కన నిలబడటానికి ఇన్నాళ్లకి సిగ్గొచ్చిందేటని అడిగాను. రేపు గనక నా చోటు నుంచి నన్ను జరిపితే పీకలు తెగుతాయని చెప్పాను. ఆయన చెప్పు కుట్టడం పూర్తిచేసి, దారం కొరికి, లోపలికెళ్లాడు. భయంతో మనిషికి మతి చలించిందనుకున్నాను.

అమావాస్య

ఎడంచేత్తో రాస్తున్నాను. కుడిచెయ్యి వణుకుతోంది. ఈ వణుకు తీగది కాదు, నాదే.

తెల్లవారాక నిలబడ్డాం. రాతి కింద పడవల తలుపులు పోటు నీళ్లకి కొట్టుకుంటున్నాయి. ఓబులేసు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు, మొదటిసారి. మా మొహాలు చూడలేకనేమో. మొదటి పేరు పిలిచాడు. హాజర్. రెండోది పోయినవాడిది. నిశ్శబ్దం. ఓబులేసు కాసేపు ఆగాడు, అలవాటు కొద్దీ. తర్వాతి పేరు.

అలా వస్తూ ఉన్నాడు. ఎవరూ నోరు జారలేదు. ఖాళీ ఉన్న చోటల్లా నిశ్శబ్దం, మనిషి ఉన్న చోటల్లా హాజర్. మరియమ్మ పలికింది, గట్టిగా. పిల్లలున్నవాళ్లు పలికారు. ఒంటరివాళ్లు పలికారు. వరస తరుగుతూ వచ్చింది. ఇంకా ఎవరూ ఆగలేదు. మిగిలింది మేమిద్దరమూ, మా అవతల నలుగురైదుగురు. కుడిమోకాలు తనంతట తాను వంగి నిటారైంది, కవాతుకి సిద్ధమైనట్టు.

"దాలినాయుడు," అని పిలిచాడు ఓబులేసు.

పక్కన చప్పుడు లేదు.

గొంతు పట్టేసిందేమో అనుకున్నాను, ఒక్క క్షణం. తిరిగి చూశాను. పెదాలు మూసుకుని నావైపే చూస్తున్నాడు. భయపడుతున్నాడు. కానీ పలకబోవడం లేదు. వరసలో తలలన్నీ తిరిగాయి, తీగ తిప్పకుండానే. అందరి చూపులూ ఆయన మీద కాదు, నా మీద. పక్కమనిషి పలక్కపోతే పలకవలసింది నేను. దాని కోసమే నిన్న నన్ను జరగమన్నాడు. ఆ బరువు నా మీద పడకూడదని. నేను తగువాడి మరీ నిలబడ్డాను.

నోరు తెరుచుకుంది. నాలుక మీదకి మాట వచ్చేసింది. ఆయన బతికే ఉన్నాడు, నా పక్కనే ఉన్నాడు, ఊపిరి నాకు వినబడుతోంది. హాజర్ అంటే అబద్ధం కూడా కాదు. ఒక్క మాట అంటే చాలు, రేపు కన్నం తెరుచుకుంటుంది. ఆ ఒక్క మాటకే ఇంతమందీ, పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చినవాళ్లు కూడా, వాళ్ల కాళ్లతోనే వెళ్లి పడవలెక్కుతారు. నేనూ ఎక్కుతాను. ఆయనా ఎక్కుతాడు.

నాలుకని పళ్ల మధ్య పెట్టి నొక్కాను.

ఓబులేసు ఆగాడు. అంతసేపు ఎవరి పేరు దగ్గరా ఆగలేదు. భుజాలు కదులుతున్నాయి. తర్వాత నా పేరు పిలిచాడు. "సింహాచలం."

నెత్తురు మింగి, హాజర్ అన్నాను.

అచ్చియ్యమ్మ పేరు ఎప్పుడు పిలిచాడో నాకు వినబడనేలేదు. హాజరు ముగిశాక స్తంభం అదే మెత్తటి గొంతుతో దళం మూతపడిందని, చేసిన సేవకి కృతజ్ఞతలని చెప్పింది. పడవల తలుపులు మూసుకున్నాయి. వెన్నులో తీగ సడలడం అందరికీ ఒక్కసారే తెలిసింది, కొందరు ఉన్నచోటే కూలబడ్డారు. ఎవరూ సంతోషపడలేదని రాస్తే అబద్ధం. నేనూ ఒక క్షణం సంతోషపడ్డాను.

కన్నాల దగ్గర మా ఆయన అలవాటు కొద్దీ తన కన్నంలో చెయ్యి పెట్టబోయాడు. అది తెరుచుకోలేదు. పక్క కన్నంలో నా చేతికి చలవ ఎక్కుతున్నంతసేపూ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు.

ఎందుకు చేశావని ఇంటికొచ్చాక అడిగాను. అడగలేదు, కొట్టాను. దెబ్బలన్నీ ఓర్చుకున్నాడు.

"ఈ సెయ్యి దీవుల్లో ఏటేటి సేసిందో నువ్వూ సూసినావు, నానూ సూసినాను," అన్నాడు. "మల్లీ సూడలేను, సింహాలు. నీ సేత సేయిస్తంటే అసలే సూడలేను."

విదియ

రెహానా ఊరికెళ్లింది. చట్టంలో ఆ ఒక్క మాట మార్పించే దాకా ఊరుకోనని నా చేతులు పట్టుకుని చెప్పింది. మంచి పిల్ల. నమ్మాను, నమ్మకపోతే పొద్దు గడవదు కాబట్టి.

మా ఆయనకి నిన్నటి నుంచి జ్వరం. మెడ వెనక చెయ్యి వేస్తే కాలుతోంది. తడిగుడ్డ వేస్తే కాసేపటికి ఆరిపోతోంది. వాడంతా ఏదో ఒకటి పట్టుకొస్తున్నారు. మరియమ్మ ఆ మంచం పక్క నుంచి లేవడం లేదు. ఎవరూ మా కళ్లలోకి చూడటం లేదు.

దళం మూతపడినా చలవ కోసం రోజూ హాజరు తప్పదు. వందమంది పేర్లూ పిలవాల్సిందే, చట్టం అది. వద్దన్నా వినకుండా ఇవాళ కూడా ఆయన వచ్చి తన చోట్లోనే నిలబడ్డాడు. ఒంటరిగా ఇంట్లో పడుకోలేనన్నాడు. నా భుజానికి ఆనుకుని నిలబడితే ఆ వేడి నా జాకెట్టు దాటి తగిలింది.

ఓబులేసు పిలుస్తూ వచ్చాడు. "దాలినాయుడు," అన్నాడు.

నేను మాట్లాడలేదు. రేపు కూడా మాట్లాడకూడదు.